మేకులు మోసినవాళ్లు

సంఖ్యాకాండము 4వ అధ్యాయమంటే నాకు చాలాకాలం బద్ధకమే. లెక్కలు, పేర్లు, మళ్లీ లెక్కలు. ఏడాదిలో బైబిలు పూర్తి చేయాలని మొదలుపెట్టిన ప్రతిసారీ ఇక్కడికొచ్చేసరికి పేజీలు గబగబా తిరిగిపోయేవి. మొన్న మా సంఘంలో మూడు రోజుల సభలు అయ్యాక, రాత్రి పదకొండింటికి షామియానా విప్పుతూ చీకట్లో మేకులు వెతుకుతుంటే ఈ అధ్యాయమే గుర్తొచ్చింది.

ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకదానికి మూలపురుషుడైన లేవీకి ముగ్గురు కొడుకులు: గెర్షోను, కహాతు, మెరారి. ఇశ్రాయేలీయులు అరణ్యంలో మజిలీ మార్చిన ప్రతిసారీ ప్రత్యక్షపు గుడారాన్ని, అంటే దేవుని ఆరాధనకు వేసుకునే గుడారాన్ని, విప్పి మోసుకెళ్లే పని ఈ ముగ్గురి సంతానానిదే. 30 నుంచి 50 ఏళ్ల మధ్య మగవాళ్లు మొత్తం 8,580 మంది. కహాతీయులకు మందసం (దేవుని ఆజ్ఞల పలకలున్న పవిత్రమైన పెట్టె), బల్ల, దీపవృక్షం, బలిపీఠాలు. గెర్షోనీయులకు తెరలు, పైకప్పులు. మెరారీయులకేమో పలకలు, అడ్డకర్రలు, స్తంభాలు, దిమ్మలు, మేకులు, తాళ్లు. అంటే మనం సామాను అనేదంతా వాళ్లదే.

ఆ దిమ్మల సంగతి చూడండి. వెండి దిమ్మలు నూరు, ఒక్కోటి ఒక తలాంతు, మన లెక్కలో 30 కిలోల పైమాటే. అంటే వెండి ఒక్కటే మూడు టన్నులు! అందుకేనేమో 7వ అధ్యాయంలో గోత్రాల ప్రధానులు ఆరు బండ్లు, పన్నెండు ఎద్దులు తెచ్చిస్తే మోషే అందరికీ సమానంగా పంచలేదు. గెర్షోనీయులకు రెండు బండ్లు, మెరారీయులకు నాలుగు. కహాతీయులకు ఒక్కటి కూడా లేదు, పరిశుద్ధమైనవి భుజాల మీదే మోయాలి కాబట్టి. ఎవరి బరువును బట్టి వాళ్లకు సాయం అందింది, కానీ అందరికన్నా ఘనమైన వస్తువులు మోసేవాళ్లకి మాత్రం బండే లేదు. తర్వాతి కాలంలో మందసాన్ని కొత్త బండి మీద ఎక్కించిన దావీదు రాజు, దాన్ని చేత్తో పట్టుకున్న ఉజ్జా అక్కడే చనిపోయాక గానీ ఈ సంగతి గుర్తుచేసుకోలేదు.

నన్ను ఆపేసింది మాత్రం 4:32. మెరారీయులు మోయాల్సిన వాటిని పేరు పేరునా అప్పగించమని దేవుడు చెప్పాడు. మందసం సంగతంటే సరే, దాన్ని ఎవరు మర్చిపోతారు? పేరు పెట్టి అప్పగించమన్నది మేకుల్నీ తాళ్లనీ. ఒక్క మేకు వెనక్కి ఉండిపోతే తర్వాతి మజిలీలో ఆవరణం తెర ఒక మూల వాలిపోతుంది మరి. (మా షామియానాకి ఆ రాత్రి రెండు మేకులు తక్కువొచ్చాయి. ఎవరికి అప్పగించామో ఎవరికీ తెలీదు.)

మరి తర్వాత మోషే మీద గొడవ ఎవరు పెట్టారు? మేకులు మోసేవాళ్లు కాదు. కోరహు కహాతీయుడు, స్వయానా మోషేకి చిన్నాన్న కొడుకు. పరిశుద్ధ వస్తువులు మోసే వంశంలో ఉండి కూడా యాజకత్వం, అంటే బలులర్పించే పదవి, కావాలన్నాడు, ఈ సేవ నీకు తక్కువగా కనబడుతోందా అని మోషే అడిగాడు. తర్వాత భూమి నోరు తెరిచి మింగేయడం మనందరికీ తెలిసిందే. నిజం చెప్పాలంటే మన సంఘాల్లో కూడా అలకలు వచ్చేది మైకు దగ్గరే, కుర్చీలు మడిచే దగ్గర కాదు. నేనూ అలిగినవాణ్నే, అందుకే తెలుసు.

అయితే కోరహు కుమారులు చావలేదు అని 26వ అధ్యాయంలో ఒక చిన్న మాట ఉంది. తరాలు గడిచాక ఆ వంశంవాళ్లే మందిర ద్వారపాలకులయ్యారు. "నా దేవుని మందిర ద్వారమునొద్ద నుండుట నాకిష్టము" అనే 84వ కీర్తన మీద ఉన్నది కోరహు కుమారుల పేరే. వాళ్ల పూర్వీకుడు ఏం కోరి పోయాడో తెలిసి చదివితే ఆ 'ఇష్టము' అన్న మాట దగ్గర గొంతు పట్టేస్తుంది.

దావీదు కాలానికి ఇక గుడారం మోసే పని లేదు. మొదటి దినవృత్తాంతాలు 26లో గుమ్మాలకు కావలివాళ్లను ఏర్పాటు చేస్తూ, పిన్నా పెద్దా తేడా లేకుండా చీట్లు వేశారు. తూర్పు గుమ్మం కోరహు వంశస్థుడు షెలెమ్యాకి పడింది. పడమటి గుమ్మం హోసాకి. ఈ హోసా మెరారీయుడు.