ఆరు వందల గది నెంబర్లు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో సైన్‌బోర్డులు తయారుచేసే ఒక షాపులో నేను ఆరేళ్ళు లేజర్ మిషను దగ్గర నిలబడి పనిచేశాను. ఆ తరువాత, లెక్కలు బాగా వచ్చునన్న పేరు మీద, నన్ను కొటేషన్లు రాసే కుర్చీలో కూర్చోబెట్టారు. కుర్చీ మారిన నెలలోనే ఒక లేబర్ క్యాంపు ఆర్డరు వచ్చింది. జెబెల్ అలీ వైపు కొత్తగా కట్టిన మూడు బ్లాకులు, బ్లాకుకు నాలుగు అంతస్తులు, అంతస్తుకు యాభై గదులు, తలుపుకొక నెంబరు పలక. పదిహేను సెంటీమీటర్ల పొడవు, ఏడున్నర సెంటీమీటర్ల ఎత్తు, 3 మిల్లీమీటర్ల మందం గల తెల్ల యాక్రిలిక్ మీద నల్లటి అంకెలు పైన అరబీలోనూ కింద ఇంగ్లీషులోనూ ఉండాలి. ఆ గదుల్లో దిగేవాళ్ళు ఇంట్లో మాట్లాడే భాషల్లో ఒక్కటీ పలక మీద ఉండదు. నేను వచ్చిన కొత్తలో రెండేళ్ళు ఉన్న క్యాంపు గదికీ అలాంటి పలకే ఉండేది గాని, దాన్ని ఎవరో ధర కట్టి, ఎవరో చేత్తో తుడిచి అంటించారన్న ఆలోచన నాకు అప్పట్లో రాలేదు.

మొదట షీటు లెక్క వేశాను. యాక్రిలిక్ షీటు 1,220 మిల్లీమీటర్ల వెడల్పు, 2,440 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. ఆ వైశాల్యాన్ని పలక వైశాల్యంతో భాగిస్తే షీటుకు 264 పలకలు వస్తాయని తేలింది. కొత్త ఎస్టిమేటరు ప్రతివాడూ చేసే పొరపాటే ఇది. మా మిషను బల్ల 1,300 × 900 మిల్లీమీటర్లది కాబట్టి షీటు మొత్తంగా పట్టదు, మూడు ముక్కలుగా కోయాలి. లేజర్ కోత వెంట్రుకవాసి మందమే అయినా, వేడికి అంచులు కరగకుండా, ముక్క కదలకుండా పలకకూ పలకకూ మధ్య 5 మిల్లీమీటర్లు వదలడం మాకు అలవాటు. అలా సర్దితే ముక్కకు 75, షీటుకు 225 పలకలు మాత్రమే వస్తాయి. 264 అయినా 225 అయినా ఆరు వందల పలకలకు మూడు షీట్లు కొనక తప్పదు కనుక నా పొరపాటు వల్ల పోయింది ఏమీ లేదు, పైగా పలక సైజు ముక్కలు 75 మిగిలాయి. ఆ 75 ముక్కలే తరువాత నా ఉద్యోగం నిలబెట్టాయి. ఇంతా చేసి షీట్ల ఖర్చు మొత్తం బిల్లులో పదో వంతు కూడా కాలేదు.

అవతలి కంపెనీలో కొనుగోళ్ళు చూసే ఆయన మర్యాదస్తుడే, బేరంలో మాత్రం గట్టివాడు. ఒక్క పలకకు మేము 35 దిర్హమ్‌లు తీసుకుంటామని ఆయనకు తెలుసు. ఆరు వందలు తీసుకుంటున్నాను కాబట్టి మూడో వంతుకు ఇవ్వాలని ఆయన వాదన. బల్కు అంటే చవక అని అందరూ అనుకుంటారు, కానీ ఎందులో చవక అని ఎవరూ అడగరు. డిజైను కూర్చడానికి, మిషను సరిచేయడానికి, అచ్చు వేసి చూపించడానికి నాకు గంటన్నర పడుతుంది. ఒక్క పలక చేస్తే ఆ గంటన్నరా దాని నెత్తిన పడుతుంది, ఆరు వందలు చేస్తే పలకకు 9 సెకన్లు పడుతుంది. తగ్గేది అక్కడే, అంతే. మిషను ఒక పలకను చెక్కి కోయడానికి 2 నిమిషాల 10 సెకన్లు తీసుకుంటుంది. ఆరు వందలైనా అది తొందరపడదు, మొత్తం 21 గంటల 40 నిమిషాలు నడవవలసిందే.

చేతి పనిని మాత్రం నేను కొటేషన్‌లో ఒక్క వరుసలో తేల్చేశాను: "ఫినిషింగ్, ప్యాకింగ్" అని. యాక్రిలిక్‌కు రెండు వైపులా ఫిల్మ్ అంటించి ఉంటుంది. ముందు వైపు ఫిల్మ్ మీదనే చెక్కి, ఆ గాడిలో నల్ల రంగు నింపి, ఆరిన తరువాత ఫిల్మ్ తీస్తాం. వెనుక వైపుది తీసి డబుల్ టేపు అంటిస్తాం. ఫిల్మ్ చివర దొరకబుచ్చుకోవడానికి గోరుతో గీకాలి. పదో పలకకు గోరు కింద మంట మొదలవుతుంది, వందో పలకకు వేలు చివర స్పర్శ పోతుంది. రెండు వైపులా తీయడానికి 40 సెకన్లు. ఆరు వందల పలకలకు అది 6 గంటల 40 నిమిషాలు అవుతుందని నేను లెక్కించింది ఆర్డరు అయిపోయాకే. రంగు, తుడుపు, టేపు, అంతస్తుల వారీగా కట్టలు కట్టడం, అన్నీ కలిపితే పలకకు నాలుగు నిమిషాలు, మొత్తం 40 గంటలు. ఒక మనిషికి ఎనిమిది గంటల చొప్పున ఐదు రోజుల పని అది. నేను అందులో సగం కూడా రాయలేదు. ఆరేళ్ళు ఆ పని చేసినవాణ్ణి నేనే అయి ఉండీ రాయలేదు.

చివరకు ధర 14 దిర్హమ్‌ల దగ్గర తెగింది, మొత్తం 8,400. ఈ దేశంలో 2018 జనవరి 1 నుంచి 5 శాతం వ్యాట్ అమలులో ఉంది. "వ్యాట్ అదనం" అన్న రెండు మాటలు నేను కొటేషన్‌లో రాయలేదు, వాళ్ళు పంపిన ఎల్‌పీఓలో, అంటే కొనుగోలు ఆర్డరు కాగితంలో మాత్రం "వ్యాట్‌తో కలిపి" అని ఉంది. 8,400లో 400 పన్నుకు పోగా షాపుకు 8,000 మిగిలింది. మేనేజరు అరవలేదు. కాగితం నా ముందు పెట్టి, "ఈ నాలుగు వందలు ఎక్కడ నుంచి తెస్తావు?" అని మాత్రం అడిగాడు. ఎక్కడ నుంచి వస్తాయో ఇద్దరికీ తెలుసు. చట్టం ప్రకారం ఓవర్‌టైముకు మూల వేతనం మీద కనీసం 25 శాతం, రాత్రి పది దాటాక తెల్లవారుజామున నాలుగు వరకు 50 శాతం అదనంగా కట్టివ్వాలి. మా షాపులో బల్కు ఆర్డర్లప్పుడు ఆ గంటలు "టార్గెట్" అన్న మాట కింద కలిసిపోయేవి. అన్నేళ్ళూ రాత్రి పదకొండు దాకా గోళ్ళు అరగదీసుకున్న పనికి డబ్బు ఎందుకు కనబడలేదో నాకు ఆ రోజు అర్థమైంది. అది నా చేతికి రాకముందే ఎవరో ఒకరు బేరంలో తగ్గించేసి ఉంటారు. ఇప్పుడు ఆ ఎవరో నేనే.

పని నడిచిన తీరులో మరో ముచ్చట కూడా ఉంది. అరబీ రాత కుడి నుంచి ఎడమకు సాగుతుంది గాని, అంకెలు మాత్రం మనలాగే ఎడమ నుంచి కుడికే ఉంటాయి. చిక్కు అక్కడ కాదు. ఇక్కడి అరబీ అంకెల్లో ఐదు మన సున్నలా గుండ్రంగా ఉంటుంది, సున్న ఒక చుక్క. ఏళ్ళ తరబడి చూస్తున్నా మన కన్ను ఆ గుండ్రాన్ని సున్న అనే చదువుతుంది. ఒకటో అంతస్తు అరబీ నెంబర్ల జాబితా నేనే చేత్తో కూర్చి, మిగతా అంతస్తులకు మొదటి అంకె మార్చి, బ్లాకులకు దాన్నే నకలు చేశాను. కట్టలన్నీ వ్యానులో ఎక్కించేటప్పుడు డ్రైవరు, ఈజిప్టు మనిషి, పై పలకను సరదాగా పైకి చదివాడు: అరబీలో నూట యాభై, దాని కిందే ఇంగ్లీషులో నూట ఐదు. మా హెల్పరు కుర్రవాడు పరుగున వచ్చి, "అన్నా, నూట యాభై తీస్తే దాని మీద అరబీలో నూట ఐదు ఉంది" అన్నాడు. ఒక్క చోట తప్పు కూర్చినందుకు పన్నెండు అంతస్తుల్లోనూ రెండేసి పలకలు, మొత్తం 24 పాడయ్యాయి. అంతకుముందే మరో 11 పోయాయి. ఫిల్మ్ కిందికి పాకిన రంగును కుర్రవాడు థిన్నరుతో తుడిస్తే, తెల్లవారేసరికి లేజర్ కోసిన అంచుల వెంట వెంట్రుకల్లాంటి పగుళ్ళు తేలాయి. మిగిలిన 75 ముక్కల్లో 35 వాటికే పోయాయి.

ఇప్పుడు నా ఎక్సెల్‌లో చేతి నిమిషాలకు వేరే వరుస ఉంది, బేరంలో దాన్ని నేను ముట్టుకోను. ధర తగ్గించమంటే పని తగ్గిస్తాను: ముందు వైపు ఫిల్మ్ తియ్యకుండా పంపిస్తే ఇంత, అంతస్తుల వారీగా కట్టకుండా ఒకే పెట్టెలో వేస్తే ఇంత అని. ఈ పద్ధతికి చాలామంది ఒప్పుకుంటారు, అది నాకే ఆశ్చర్యం. అరబీ అంకెల పేజీ మీద కస్టమరు ముద్ర పడనిదే మిషను మొదలుపెట్టను. పీవీసీ ఫోమ్ షీటు చవక, దాన్నే లేజర్‌తో కోసిపెట్టమనేవాళ్ళకు మాత్రం ఏ ధరా చెప్పను. అది కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది, మిషనూ ఊపిరితిత్తులూ రెండూ పాడవుతాయి.

ఏడాది తరువాత అదే క్యాంపు కోసం, కొనుగోళ్ళు చూసే ఆయన ఫోను చేశాడు. 305 పలక ఎవరో ఊడబెరికారట, ఒక్కటి కావాలట, 14 దిర్హమ్‌లకే ఇవ్వమన్నాడు. నేను 45 చెప్పి, వ్యాట్ అదనం అన్నాను. ఆయన కాసేపు నవ్వి సరేనన్నాడు. అప్పటి ముక్కల్లో నలభై ఇంకా బీరువాలో ఉన్నాయి. ఒకటి తీసి నేనే చెక్కి, చుక్క మధ్యలో ఉందో లేదో రెండుసార్లు చూసి, ముందు వైపు ఫిల్మ్ అలాగే ఉంచి కవరులో పెట్టాను.