బాయ్ జార్జ్: బ్యాండ్ చెదిరాక

బాయ్ జార్జ్ గాయకుడిగా ఉన్న బ్రిటిష్ పాప్ బ్యాండ్ కల్చర్ క్లబ్ అనగానే అతని రిబ్బన్లు చుట్టిన జడలు, టోపీ, ముఖం నిండా మేకప్ గుర్తొస్తాయి. వేషం సంగతి ఎలా ఉన్నా గొంతు మాత్రం గట్టిదే. 1983లో వాళ్ళ పాట 'కర్మ కమీలియన్' బ్రిటన్‌లో ఆరు వారాలు నంబర్ వన్‌గా ఉంది. మరుసటి ఏడాదికే పాటల్లో పస తగ్గింది. 1986లో జార్జ్ హెరాయిన్ వ్యవహారం పత్రికలకెక్కింది, బ్యాండ్ చెదిరింది.

1987లో తొలి సోలో సింగిల్‌కి పాతపాటే ఎంచుకున్నాడు, 'ఎవ్రీథింగ్ ఐ ఓన్'. 1972లో బ్రెడ్ బృందం పాడిన పాట అది. 1974లో జమైకా గాయకుడు కెన్ బూత్ దాన్ని తమ దేశపు సంగీత శైలి అయిన రెగే నడకలో పాడి బ్రిటన్‌లో నంబర్ వన్ చేశాడు. జార్జ్ పట్టుకున్నది బూత్ పద్ధతినే. సాగదీసి పాడే ఆ నడక అతని గొంతుకు సరిగ్గా సరిపోయింది, పాట మళ్ళీ నంబర్ వన్ అయింది. 'సోల్డ్' ఆల్బంలోని తర్వాతి సింగిల్స్‌కి మాత్రం ఆ ఊపు రాలేదు.

ఇక మనకు పనికొచ్చే ముక్క: 1991లో 'జీసస్ లవ్స్ యూ' అనే బృందం పేరుతో చేసిన 'బౌ డౌన్ మిస్టర్' పాటలో హరే కృష్ణ నామస్మరణతో పాటు ఆశా భోస్లే గొంతూ వినిపిస్తుంది. 1992లో 'ద క్రైయింగ్ గేమ్' సినిమాకి అదే పేరున్న 1964 నాటి పాటను మళ్ళీ పాడాడు. పాట నిర్మాణం బ్రిటిష్ పాప్ జంట పెట్ షాప్ బాయ్స్‌ది. సోలోగా అతని ఉత్తమ రికార్డింగ్ అదే అంటాను.