రోలు మీద ఫెర్న్

జూలై, ఆదివారం. బెంగళూరు.

రాత్రంతా తుంపర. పొద్దున ఏడింటికి కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలోకి వస్తే రోలు తడిసి నల్లగా మెరుస్తోంది. దాని మీద పాకించిన ఫెర్న్‌కు ఒక కొత్త ఆకు. మిగతా ఆకులన్నీ పాత పావలా బిళ్లంత గుండ్రంగా, దళసరిగా ఉంటాయి. ఇది మాత్రం సన్నగా, చిటికెన వేలంత పొడవుగా లేచి నిలబడింది. వంచి చూస్తే రెండు అంచుల వెంబడీ గోధుమరంగు గీత. సిద్ధబీజాలు! ఫెర్న్‌కు విత్తనాల బదులు ఇవే. బళ్లో బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నానే గానీ, నేను పెంచిన మొక్కకు రావడం ఇదే మొదలు. కాఫీ చల్లారిపోయింది.

దీన్ని డ్రాగన్ స్కేల్ ఫెర్న్ అంటారు. పుట్టిల్లు ఆగ్నేయాసియా. సింగపూర్‌లో రోడ్ల పక్కన నిద్రగన్నేరు కొమ్మల మీద గుంపులుగా పాకుతుంది. నా దాకా మాత్రం తిన్నగా రాలేదు. మొదట ఒక నర్సరీలో ఇదేనని చెప్పి ఇంకేదో అంటగట్టారు. ఇంటికి తెచ్చి కాడ తుంచితే తెల్లటి పాలు! ఫెర్న్‌కి పాలేమిటి? ఆకులు చూస్తే జంటలు జంటలుగా ఉన్నాయి. అది డిస్కిడియా, మన జిల్లేడు కుటుంబం. చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి, చుట్టరికం మాత్రం ఏమీ లేదు. అదీ కిటికీ దగ్గర వేలాడుతూ బాగానే ఉందిలెండి.

అసలుది దొరికాక చేసిన మొదటి తప్పు, జామచెట్టుకు కట్టడం. నున్నటి మాను, అందంగా ఉంటుందనుకున్నా. జామ బెరడు పొరలు పొరలుగా ఊడిపోతుందన్న సంగతి చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నా తట్టలేదు. రెండు నెలలకు బెరడు పెచ్చుతో సహా మొక్క కింద పడింది. సగం ముక్కను పెరట్లో సపోటా మానుకు కట్టాను, దాని బెరడు గరుకు. మిగతా సగం అమ్మ రోలుకు.

ఈ రోలు కదిరి నుంచి కారు డిక్కీలో వచ్చింది. పాత ఇల్లు పడగొట్టినప్పుడు అందరూ మాకొద్దన్నారు. అంచు విరిగింది, పనికిరాదు, పారేయబుద్ధి కాదు. లోపల గుంత యాభై ఏళ్ల చట్నీలకు అద్దంలా అరిగిపోయింది. అక్కడ వేళ్లు పట్టనేలేదు. బయట ఉలిగాట్లు అలాగే ఉన్నాయి, వాటిలో దూరి గట్టిగా పట్టుకున్నాయి. నేను చేసింది ఇంతే: గాట్ల మీద కాస్త కొబ్బరిపీచు పరిచి, పాకే కాడను దాని పైనే పెట్టి, నూలుదారంతో వదులుగా చుట్టాను. కాడను పీచులో కప్పెట్టకూడదు, కుళ్లిపోతుంది. మొదటిసారి ఆ పనీ చేశాను.

నీళ్ల దగ్గర ఇంకో పాఠం. మా బోరు నీళ్లు ఉప్పు, గీజర్‌లోనే తెల్లగా పెచ్చు కట్టిస్తాయి. స్ప్రే కొట్టిన వారానికే ఆకుల మీద సున్నం వేసినట్టు తెల్లటి మచ్చలు. అప్పటి నుంచి చూరు కింద బకెట్ పెట్టి వాననీళ్లే వాడుతున్నా. ఎండల్లో బకెట్ ఖాళీ అయినా ఇది గిలగిల్లాడదు. ఆకుల్లో నీళ్లు దాచుకుంటుంది. పైగా పగలు పత్రరంధ్రాలు మూసుకుని రాత్రి గాలి పీల్చుకునే రకం, అనాసలాగా. బెంగళూరులో నైట్ షిఫ్ట్ చేసేది మనుషులే కాదన్నమాట.

పదకొండింటికి ఓనరమ్మ సపోటాలు చూసుకోవడానికి వచ్చింది. మానుకు పాకుతున్న ఆకులు చూసి కన్నడం కలిపిన తెలుగులో, "ఏమ్మా, ఇది బదనికె కాదు కదా? చెట్టు సావదు కదా?" అంది. తెలుగులోనూ అది బదనికే. ఆవిడ భయం న్యాయమైనదే. బదనిక చెట్టు లోపలికి వేళ్లు దింపి రసం లాగుతుంది. ఇది బెరడును పట్టుకుని ఊరికే కూర్చుంటుంది, వానా దుమ్మూ ఏది వస్తే అదే భోజనం. వేలితో ఒక కొస కాస్త లేపి చూపించాను, బెరడు చెక్కు చెదరలేదు. "సరే, కాయలు తగ్గితే నిన్నే అడుగుతా" అని వెళ్లిపోయింది. ఈ ఏడు కాయలు బాగా కాయాలని దేవుడికి దండం పెట్టుకోవాలి.

సాయంత్రం అమ్మకు వీడియో కాల్ చేసి కొత్త ఆకు చూపించాను. కళ్లద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది.

"ఏమే, రోలుకు తామర పట్టిందా?"

తామర కాదమ్మా, మొక్క అని మొత్తం కథ చెప్పాను. జామచెట్టు దగ్గర నవ్వింది. చివరికి, "వచ్చేటప్పుడు ఒక తీగ తీసుకురా, మన బావిగట్టుకు కడదాం" అంది.

"అక్కడి ఎండకు నిలవాలిగా. బావి నీళ్లూ ఉప్పే. వాననీళ్లు ఎవరు పడతారు? నీడ ఎక్కడుంది?" అన్నాను.

"రోలు అడిగినప్పుడు నేను నిన్ను ఇన్ని ప్రశ్నలు వేశానా?" అంది అమ్మ.