దవడ అతికింది, పళ్ల లెక్క తేలలేదు

బండి జారి గడ్డం డివైడర్‌కి తగిలింది, ప్రమాదం గురించి అంతకుమించి చెప్పడానికేం లేదు. హాఫ్ హెల్మెట్ తలను కాపాడింది, గడ్డం దాకా అది రాదు కదా. కింది దవడ రెండు చోట్ల విరిగింది, ఎడమవైపు గడ్డం పక్కన ఒకటి, కుడిచెవి ముందు కీలు దగ్గర ఇంకొకటి. తగిలింది ఒకచోటైతే రెండోది ఎందుకు విరిగిందని అడిగితే, ఆ దెబ్బ ఎముక వెంట వెళ్లి అవతలి కీలు మీద పడుతుంది, ఇలా జంటగా విరగడం మామూలే అన్నారు డాక్టర్‌గారు.

గడ్డం దగ్గర పెదవి లోపలినుంచి కోసి టైటానియం ప్లేట్లు వేశారు, అందుకే బయట మచ్చ లేదు. కీలు జోలికి పోలేదు. పైపళ్లకీ కిందిపళ్లకీ ఆర్చ్ బార్లు, అంటే పళ్ల వరస వెంట వంచిన లోహపు పట్టీలు కట్టి, రెండింటినీ కలిపి తీగలతో బిగించేశారు. డిశ్చార్జ్ రోజున చెప్పిన జాగ్రత్తల్లో వైర్ కట్టర్ ఎప్పుడూ అందుబాటులో ఉంచుకోమన్నది ఒకటి, వాంతి వచ్చి ఊపిరాడకపోతే తీగలు కత్తిరించాలట. మా ఆవిడ దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేది. నాకంటే ఆమెకే టెన్షన్.

ఇక తిండి. రాగిజావ, మజ్జిగ, పప్పుకట్టు, బత్తాయి రసం మొదట్లో బాగానే దిగాయి, తర్వాత తీపి వాసనంటేనే వెగటు పుట్టింది. కాస్త కారంగా ఏదైనా ఇమ్మంటే అమ్మ పోపు పెట్టిన చారు ఇచ్చింది. అందులో ఆవగింజ ఒకటి తీగకీ చిగురుకీ మధ్య ఇరుక్కుంది. నాలుకతో తోద్దామంటే అది పళ్ల లోపలే బందీ, వేలు దూర్చడానికి చోటు లేదు, చివరికి సూది లేని సిరంజితో ఉప్పునీళ్లు చిమ్మి చిమ్మి బయటికి రప్పించాను. ఆ తర్వాత ఏదైనా సరే, మిక్సీ పట్టి పల్చటి బట్టలో వడగట్టాకే నోట్లోకి. మటన్ పులుసు కూడా అలాగే తాగాను, దాన్ని మటన్ అనొచ్చో లేదో మీరే చెప్పండి. చూడ్డానికొచ్చిన పెద్దమ్మ మాత్రం "పెళ్లికి ముందు అచ్చం ఇలాగే ఉండేవాడివిరా" అని మురిసిపోయింది.

తీగలు తీస్తే అయిపోయినట్టే అనుకున్నా, తీరా చూస్తే నోరు తెరుచుకోదు. మామూలుగా మూడు వేళ్లు, అంటే దాదాపు 40 మిల్లీమీటర్లు పట్టాలి, నాకు ఒక వేలు కష్టం. ఐస్‌క్రీం పుల్లలు దొంతరగా పేర్చి పళ్ల మధ్య దూర్చుకుని కూర్చోవడం, కాస్త వదులైతే ఇంకో పుల్ల కలపడం. కళ్లల్లో నీళ్లు తిరిగేవి.

అసలు తలనొప్పి పళ్లతో. గడ్డానికి దెబ్బ తగిలితే కిందిపళ్లు వెళ్లి పైవాటిని గుద్దుతాయి. అలా వెనక దవడపన్ను ఒకటి నిలువునా చీలింది, పీకేశారు. ముందుపన్ను చూడ్డానికి శుభ్రంగానే ఉంది కానీ, చల్లటిది తాకించి పంటి నరం స్పందిస్తోందో లేదో చూసే పరీక్షకి పలకలేదు. దెబ్బ తిన్న పన్ను మూడు నెలల దాకా మొద్దుబారి ఉండి మళ్లీ తేరుకోవచ్చు, తొందరపడొద్దు అన్నారు. ఆగాం. అది బూడిదరంగుకి తిరిగి, చిగురు మీద పొక్కు లేచాక రూట్ కెనాల్ చేశారు.

ఆపరేషన్ ఖర్చు ఇన్సూరెన్స్ వాళ్లు ఇచ్చారు. రూట్ కెనాల్, పీకేసిన పన్ను చోట ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కట్టుడు పన్ను) అనేసరికి దంతచికిత్స వర్తించదన్నారు, ప్రమాదం వల్లే అయినా ఆసుపత్రిలో అడ్మిట్ అయితేనేనట. పంటి కోసం ఎవడు అడ్మిట్ అవుతాడు? మీకెవరికైనా ఇలాంటిది జరిగితే డిశ్చార్జ్ సమ్మరీలో ఏ పన్నుకి ఏమైందో తప్పకుండా రాయించుకోండి, నా దాంట్లో ఉన్నందుకే ఇప్పుడు వాళ్లతో గట్టిగా వాదిస్తున్నా.

కింది పెదవి ఎడమ సగం ఇంకా తిమ్మిరే, మెతుకు అంటుకున్నా తెలియదు, మా ఆవిడ సైగ చేస్తుంది. ఈమధ్య అక్కడ చీమలు పాకినట్టుంటే, నరం కోలుకుంటోందన్నమాట అన్నారు. ఇంప్లాంట్‌కి ఎముక నిండాలి, ఇంకొన్ని నెలలు. అందాకా ఒకవైపే నములుడు. జంతికలు పాలల్లో నానబెట్టుకుని తినమంటోంది అమ్మ, ఆ పని మాత్రం చచ్చినా చేయను.