యాసిడ్ తాగినవాళ్లకు ఎమర్జెన్సీ ఆపరేషన్: ఎప్పుడు, ఎంతవరకు

బాత్రూమ్ కడిగే యాసిడ్ కావచ్చు, బ్యాటరీలో పోసేది కావచ్చు, డ్రైనేజీలో వేసే కాస్టిక్ సోడా కావచ్చు. ఏది లోపలికి పోయినా సర్జన్ తేల్చుకోవాల్సింది ఒకటే: అన్నవాహిక గోడ, కడుపు గోడ బతికున్నాయా, చచ్చిపోయాయా? చచ్చిపోయిన కడుపును లోపలే వదిలేస్తే చిల్లుపడి ప్రాణం తీస్తుంది. బతికున్న అన్నవాహికను తొందరపడి తీసేస్తే ఆ మనిషి తిండి జీవితాంతం మారిపోతుంది.

యాసిడ్ తగిలిన చోట కణజాలం గడ్డకట్టి పెచ్చులా మారుతుంది. కాస్టిక్ సోడా లాంటి క్షారం అలా కాదు, కొవ్వును సబ్బుగా మారుస్తూ, కండను కరిగిస్తూ లోతుకు దిగిపోతుంది. యాసిడ్ తాగితే కడుపు కింది ద్వారం, అంటే పైలోరస్, బిగుసుకుపోయి, ద్రవం కడుపు కింది భాగంలో నిలిచిపోతుంది. ఎక్కువ దెబ్బ తరచుగా అక్కడే. గాఢత, మోతాదు ఎక్కువైతే మాత్రం రెండూ గోడ మొత్తాన్ని చంపేస్తాయి.

ఇంట్లో చాలామంది చేసే పని చింతపండు నీళ్లో, ఉప్పునీళ్లో తాగించి కక్కించడం. దయచేసి చేయకండి. దిగేటప్పుడు కాల్చినది పైకి వచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది, ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుంది. విరుగుడని నిమ్మరసమో సోడానో పోస్తే లోపల వేడి పుడుతుంది. నోరు పుక్కిలించి ఉమ్మించండి, తాగిన సీసా వెంట తీసుకుని 108కి ఫోన్ చేయండి. ఆస్పత్రిలోనూ చూడకుండా ముక్కులోంచి ట్యూబు వేయకూడదు, విషాన్ని పీల్చుకునే బొగ్గుపొడి (చార్‌కోల్) ఇవ్వకూడదు. గొంతు బొంగురుపోయినా, ఊపిరి తీసేటప్పుడు కీచుమని శబ్దం వచ్చినా ముందు శ్వాసదారి సంగతి చూడాలి. వాపు పెరిగాక శ్వాసనాళంలోకి ట్యూబు వేయడం చాలా కష్టం.

రక్తపరీక్షల్లో ధమని రక్తం పీహెచ్ 7.22 కన్నా తగ్గినా (అంటే రక్తం ఆమ్లంగా మారినా), రక్తంలో క్షారం ఎంత తగ్గిందో చెప్పే బేస్ ఎక్సెస్ మైనస్ 12 కన్నా కిందికి పోయినా తీవ్రమైన గాయమని అనుమానించాలి. కణజాలానికి రక్తం అందనప్పుడు పుట్టే లాక్టేట్ పెరగడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, కిడ్నీలు మొరాయించడం కూడా అదే దిక్కు చూపిస్తాయి. ఒక్క హెచ్చరిక: నోట్లో పుండ్లు లేవని ధైర్యపడకూడదు. నోరు బాగానే ఉండి కడుపు నల్లబడిన కేసులుంటాయి.

పెద్దవాళ్లలో అసలు నిర్ణయం సీటీ స్కాన్ మీద ఆధారపడుతుంది. తాగిన 3 నుంచి 6 గంటల మధ్య, రక్తనాళాలు కనబడేలా చేసే మందు (కాంట్రాస్ట్) ఎక్కించి, మెడ నుంచి పొత్తికడుపు దాకా తీయాలి. రక్తం పారుతున్న గోడ తెల్లగా మెరుస్తుంది. లోపలి పొర పోయినా చుట్టూ సన్నటి తెల్లని వలయం మిగిలితే ఆ గోడ బతికే ఉందని లెక్క. ఆ వలయం కూడా లేకుండా బూడిదరంగులో మొద్దుగా కనబడితే ఆపరేషన్‌కు ఆలస్యం చేయకూడదు. పొట్ట చెక్కలా బిగిసిపోయి, బీపీ పడిపోతూ, చిల్లుపడిందని తెలుస్తుంటే సీటీ కోసం కూడా ఆగనక్కర్లేదు.

చాలాకాలం ఈ తీర్పు ఎండోస్కోపీదే, అంటే గొట్టం కెమెరాతో లోపల చూసే పరీక్షదే. చండీగఢ్‌లోని పీజీఐ వైద్య సంస్థ నుంచి జర్గర్ బృందం 1991లో ఇచ్చిన గ్రేడింగే ఇప్పటికీ వాడతాం. అందులో 3బి అంటే విస్తారంగా చచ్చిన లోపలి పొర. ఎండోస్కోపీ లోపలి రంగును మాత్రమే చూస్తుంది, గోడ లోతు దానికి తెలియదు. ఒక్క 3బి చూసి అన్నవాహిక తీసేస్తే, మానగలిగిన గోడ కూడా కొన్నిసార్లు పోతుంది. పిల్లల్లో, కాంట్రాస్ట్ ఇవ్వలేనివాళ్లలో, సీటీ తేల్చనప్పుడు ఎండోస్కోపీయే దిక్కు.

పొట్ట తెరిచాక చచ్చిన కడుపును గుర్తుపట్టడం కష్టం కాదు. గోడ బూడిద, నలుపు కలిసిన రంగులో మెత్తగా ఉంటుంది. పైన సిరల్లో రక్తం గడ్డకట్టి నల్లదారాల్లా కనబడుతుంది, కోసిన అంచు నుంచి రక్తం రాదు. అక్కడక్కడా బాగుందనిపించిన ముక్కను మిగల్చాలనే ఆశ పుడుతుంది. నా ఉద్దేశంలో అది వదులుకోవాల్సిన ఆశ. కాలడం ఆ రోజుతో ఆగకపోవచ్చు, మిగిల్చిన ముక్క తర్వాత చిల్లుపడుతుంది. కడుపు పూర్తిగా తీసి, డుయోడినం (చిన్నపేగు తొలి భాగం) మొదలును స్టేప్లర్‌తో మూయాలి. అన్నవాహిక బాగుంటే దాన్ని అప్పుడే చిన్నపేగుకు కలపవచ్చు.

అన్నవాహిక కూడా పోయిందని సీటీ చెబితే, ఛాతీ తెరవకుండా కింద డయాఫ్రం (ఛాతీనీ పొట్టనీ వేరుచేసే కండ) రంధ్రం నుంచి, పైన ఎడమ మెడ కోత నుంచి విడదీసి తీస్తారు. అంతకుముందు శ్వాసనాళం లోపల గొట్టంతో చూసే బ్రాంకోస్కోపీ తప్పనిసరి. శ్వాసనాళం వెనుక గోడ కాలి ఉంటే, గుడ్డిగా లాగినప్పుడు అది చిరుగుతుంది. అలాంటప్పుడు కుడి ఛాతీ తెరిచి, ఊపిరితిత్తినే అతుకుగా వేసి మూయాలి. డుయోడినంలో లోపలి పొర మాత్రమే కాలితే దాన్ని కదపకపోవడం మేలు. క్లోమంతో కలిపి తీయడం చాలా ప్రమాదకరం.

తొందరలో మరిచిపోయేది పెద్దపేగు. రేపు అన్నవాహికగా మారేది అదే. కడుపును దాని నుంచి విడదీసేటప్పుడు కడుపు అంచుకు అంటిపెట్టుకునే కోయాలి, పెద్దపేగుకు వెళ్లే మిడిల్ కోలిక్ నాళాలను తాకకూడదు. నాళాలకు వేసే ఒక్క ముడి తప్పుచోట పడితే తర్వాతి ఆపరేషన్‌కు దారి మూసుకుపోతుంది.

చివర్లో మెడ దగ్గర అన్నవాహిక కొసను చర్మానికి కుట్టి, లాలాజలం సంచిలో పడేలా చేస్తారు. డుయోడినం ముగిసిన చోటికి 20–30 సెంటీమీటర్ల దిగువన, చిన్నపేగులోకి తిండి ట్యూబు పెడతారు. ఆ ట్యూబును కుట్లతో పొట్ట గోడకు గట్టిగా కట్టాలి, పూటపూటా నీళ్లతో కడగాలి, మాత్రలు సరిగా నూరకుండా వేయకూడదు. నెలలపాటు కడుపు నిండేది ఆ సన్నటి గొట్టం నుంచే.

పెద్దపేగుతో కొత్త అన్నవాహికను సుమారు 6 నెలలకు కడతారు. అంతకన్నా ముందు ఈఎన్‌టీ డాక్టర్ గొంతు చూడాలి, ఎందుకంటే మచ్చలు ముదిరి గొంతు అంతకంతకూ మూసుకుపోతుంటే, కలపాల్సిన చోటే మారుతుంది. కావాలని తాగినవాళ్ల విషయంలో మానసిక వైద్యుడి మాట కూడా ఆ తేదీ పెట్టకముందే తీసుకోవాలి.