తాలిన్‌లో క్లావన్ పేరెత్తి చూడండి

ఎస్టోనియా ఫుట్‌బాల్ ఆటగాడు రగ్నార్ క్లావన్ అంటే మన దగ్గర ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్ అభిమానులకు తప్ప పెద్దగా తెలియదు. ఇక్కడ ఎస్టోనియాలో మాత్రం అతని పేరు వినని మనిషి నాకు ఇంతవరకు తగల్లేదు. దేశం మొత్తం జనాభా 13 లక్షల పైచిలుకు, అంటే మన వైజాగ్ అంత కూడా లేదు. అందులోంచి ఒక డిఫెండర్ వెళ్లి లివర్‌పూల్‌కి ఆడాడంటే వీళ్లకి ఎంత గొప్పో, రాజధాని తాలిన్‌లో ఉద్యోగం చేస్తే గానీ నాకు తెలియలేదు.

మా ఆఫీసులో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఎవరూ పెద్దగా మాట్లాడరు, వీళ్ల స్వభావమే అంత. క్లావన్ సంగతి ఎత్తితే మాత్రం పక్క టీమ్‌లో ఆయన స్పూన్ పక్కన పెట్టేసి, ఉప్పు డబ్బా, గ్లాసులు టేబుల్ మీద జరుపుతూ 2018 జనవరి 1న ఇంకో ఇంగ్లిష్ క్లబ్ బర్న్‌లీ మీద క్లావన్ కొట్టిన గోల్ మళ్లీ చూపిస్తాడు. 87వ నిమిషంలో బర్న్‌లీ స్కోరు సమం చేసింది, ఇక డ్రానే అనుకుంటుంటే 94వ నిమిషంలో ఫ్రీకిక్ వచ్చింది, లివర్‌పూల్ సహచరుడు లొవ్రెన్ తలతో గోల్ వైపు పంపాడు, గోల్ ముందే ఉన్న క్లావన్ హెడర్‌తో లోపలికి నెట్టాడు, 2-1. ఇంగ్లండ్ టాప్ లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లో ఒక ఎస్టోనియన్ కొట్టిన మొదటి గోల్ అదే. వాన్ డైక్ అనే ఇంకో డిఫెండర్ 7.5 కోట్ల పౌండ్లకు లివర్‌పూల్‌లో అధికారికంగా చేరింది కూడా ఆ రోజే. క్లావన్‌ని కొన్నది 42 లక్షల పౌండ్లకు.

నాకు మాత్రం ఆ గోల్ కంటే అతను అక్కడిదాకా వెళ్లిన దారి ఎక్కువ నచ్చుతుంది. విల్యాండి అనే చిన్న ఊళ్లో పుట్టాడు, తండ్రి కూడా దేశానికి ఆడినవాడే. 2005లో, పంతొమ్మిదేళ్ల వయసులో నెదర్లాండ్స్‌లో హెరాక్లెస్ క్లబ్‌కి వెళ్లాడు, తర్వాత అక్కడే ఏజెడ్ ఆల్క్‌మార్, ఆ తర్వాత జర్మనీలో ఆగ్స్‌బర్గ్‌లో నాలుగేళ్లు. లివర్‌పూల్ పిలిచింది 2016లో, అప్పటికి ముప్పై ఏళ్లు. అక్కడ మొదటి ఛాయిస్ కాదు, ఎవరికైనా గాయమైతే పిలుపు వచ్చేది, వచ్చినప్పుడల్లా గొణుక్కోకుండా దిగి పని చేసేవాడు. బయట దేశంలో పని చేసే ఎవరికైనా ఇది తెలిసిన బతుకే. అతనికి మనలాగా రెసిడెన్స్ పర్మిట్ టెన్షన్ లేదనుకోండి, 2004లోనే ఎస్టోనియా యూరోపియన్ యూనియన్‌లో చేరింది. కానీ ప్రతి కొత్త ఊళ్లోనూ మొదటి నుంచి నిరూపించుకోవడం మాత్రం తప్పలేదు.

ఇటలీలో కాల్యరీకి ఆడాక 2021లో తిరిగి వచ్చేసి పైదె అనే చిన్న ఊరి క్లబ్‌లో చేరాడు. ఇక్కడి లీగ్ మ్యాచ్‌లకు చాలాసార్లు కొన్ని వందల మందే వస్తారు. లివర్‌పూల్ సొంత మైదానం యాన్‌ఫీల్డ్‌లో ఆడిన మనిషి ఆ మైదానాల్లో దిగడం వీళ్ల మనసుకు బాగా పట్టింది, నాకూ పట్టింది.

ఆఫీసులో పెద్దవాళ్లు మాత్రం ఇంకో ఎస్టోనియన్, గోల్‌కీపర్ మార్ట్ పూమ్ ముందు ఎవరూ పనికిరారంటారు. ఇంగ్లండ్‌లో డెర్బీ, సండర్‌లాండ్, ఆర్సెనల్‌ క్లబ్‌లలో ఉన్నవాడు, కాదనలేను. అయినా నా ఓటు క్లావన్‌కే, ఆ మాట వాళ్ల ముందే చెప్పాను, వాదన ఇంకా నడుస్తోంది.