చిక్కుడుకాయలు, నాన్న గోల్ఫ్ పద్దు

ఆదివారం. పొద్దున్నుంచీ ముసురు. పనమ్మాయి రాలేదు. అమ్మ చిక్కుడుకాయలు నా ముందు కుమ్మరించి పోయింది. ఈనెలు తీస్తూ కూర్చున్నా, పక్కన నాన్న ఫోన్లో గోల్ఫ్.

నాన్నకి ఈ పిచ్చి మా తమ్ముడి దగ్గర అంటుకుంది. అమెరికాలో ఆర్నెల్లున్నారు, పగలు పలకరించే దిక్కులేక టీవీలో ఆ పచ్చగడ్డే చూస్తూ కూర్చునేవారట. బ్యాంకులో చేసిన మనిషి కదా, పద్దు రాయకుండా ఉండలేరు. పాత క్యాలెండర్ కాగితం వెనక గీతలు కొట్టి ఛాంపియన్ల పట్టిక తయారుచేశారు. మేజర్లంటే గోల్ఫ్‌లో ఏడాదికి నాలుగే ఉండే అతి పెద్ద పోటీలు. జాక్ నిక్లస్ 18 మేజర్లు, టైగర్ వుడ్స్ 15, వాల్టర్ హేగన్ 11, బెన్ హోగన్ 9, టామ్ వాట్సన్ 8.

నిక్లస్ పక్కన ముందు 20 అని రాసి, కొట్టేసి ఉంది.

"ఇదేంటి నాన్నా, ఆయనకి రెండు కోసేశారు?"

"నేను కొయ్యలేదమ్మా. వాళ్లే కోశారు."

నిజమే. 1986లో నిక్లస్ 46 ఏళ్ల వయసులో మాస్టర్స్ గెలిచినప్పుడు దాన్ని ఇరవయ్యో మేజర్ అని రాశారు. కుర్రతనంలో గెలిచిన రెండు యూఎస్ అమెచ్యూర్లూ (డబ్బు కోసం ఆడనివాళ్ల పోటీలు) ఆ లెక్కలో ఉండేవి. ఎందుకంటే నిక్లస్ దాటాల్సిన మనిషి పాతకాలపు ఆటగాడు బాబీ జోన్స్. ఆయన డబ్బు కోసం ఆడలేదు. ఆయన 13 మేజర్లలో ఆరు అమెచ్యూర్లే. టైగర్ వచ్చేసరికి అమెచ్యూర్లు లెక్కలోంచి పోయి, అందరి నోటా 18 మాటే. అమెచ్యూర్లు టైగర్‌కీ మూడున్నాయి, కలిపితే ఆయనా 18. అదెవరూ కలపరు. మధ్యలో నష్టపోయింది జోన్స్. 1930లో ఒకే ఏడాది అప్పటి నాలుగు మేజర్లూ గెలిచిన మనిషి కొత్త కొలతలో 7 దగ్గర ఆగిపోయాడు. చచ్చిపోయాక కూడా మార్కులు తగ్గడమంటే ఇదే.

ఇంతలో నాన్న ఫోన్ నా ముఖం ముందు పెట్టారు. 2000, పెబుల్ బీచ్, యూఎస్ ఓపెన్. టైగర్ పార్ (ఆ మైదానానికి ఇన్ని దెబ్బలని పెట్టిన లెక్క) కంటే 12 తక్కువ. గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలు కొట్టినవాడే గెలుస్తాడు. రెండో స్థానంలో ఉన్న ఎర్నీ ఎల్స్, హిమెనెజ్ పార్ కంటే 3 ఎక్కువ. పదిహేను స్ట్రోకుల, అంటే దెబ్బల, తేడా! అంతకుముందు రికార్డు 1862లో ఓల్డ్ టామ్ మోరిస్ గెలిచిన 13 స్ట్రోకుల తేడా. అప్పుడు బరిలో ఉన్నది పిడికెడు మంది.

"చూశావా, ఎదురే లేదు. నిక్లస్‌కి పామర్, గ్యారీ ప్లేయర్, ట్రెవినో, వాట్సన్ ఉన్నారు. వీడికెవరు?"

ఇక్కడే నాకు మండుతుంది. నిక్లస్ మేజర్లలో 19 సార్లు రెండో స్థానంలో ఆగాడు. ఆయన చేజారినవి కొన్ని వాట్సన్ ఇంట్లో, ట్రెవినో ఇంట్లో ఉన్నాయి కాబట్టే వాళ్లు మహామహులయ్యారు. టైగర్ చేజార్చలేదు, అందుకని ఎల్స్ మన కళ్లకి చిన్నవాడైపోయాడు. ఎల్స్ 2000లో మూడు మేజర్లలో రెండో స్థానం, అందులో రెండు టైగర్ వెనకే. మేజర్లు నాలుగు గెలిచినవాడు పనికిమాలిన వాడెలా అవుతాడు?

టైగర్ ముంచెత్తాక జనం నిక్లస్ 19 రెండో స్థానాల్ని కొత్తగా పొగడడం మొదలెట్టారని నా అనుమానం. గెలుపుల్లో పోటీ దగ్గరపడేసరికి ఓటముల్ని బయటికి తీశారు. సచిన్ వచ్చాక గవాస్కర్ హెల్మెట్ లేకుండా ఆడాడని మనింట్లో గుర్తుచేసుకున్నట్టు!

నాన్న ఊరుకుంటారా. 1977 బ్రిటిష్ ఓపెన్, టర్న్‌బెర్రీ. వాట్సన్ 268, నిక్లస్ 269. ఆ పోరు గురించి చెప్తే కళ్లు మెరుస్తాయి.

"మరి మూడో అతను?"

"279... హ్యూబర్ట్ గ్రీన్."

"వాట్సన్‌కి 11 స్ట్రోకులు వెనక. ఆయన్ని చేతకాని వాడంటారా?"

"ఛ ఛ. ఆ ఏడాది యూఎస్ ఓపెన్ గెలిచింది ఆయనే."

అని ఆగారు. నేను ఒక్క మాట మాట్లాడకుండా ఇంకో కాయ ఈనె తీశా. కాసేపయ్యాక స్కేలు వెతుక్కుని, పట్టిక చివర ఇంకో గడి గీశారు. పైన 'ఎవరి చేతిలో ఓడాడు' అని రాసి, కింద ఎల్స్ పేరు కొత్తగా చేర్చారు.

"ఆ కాయలు ఇటిస్తారా, రేపు వండమంటారా?" అని లోపల్నించి అమ్మ.